గుహలో కాబోయే మామగారు

గుహలోకి వస్తున్న సందర్శకుల్లో కాబోయే మామగారు కనబడేసరికి ఆదిమానవుడి చేతిలో రాయి ఆగిపోయింది.

పాపం, అతని ఉద్యోగమే అది. లక్షల ఏళ్లనాటి రాతి పనిముట్లు ఆ గుహలో బయటపడ్డాక, జనానికి చూపించడానికి ముందు గదిలో ఆదిమానవుల కాపురం పెట్టారు. ఇతను ఒళ్లంతా మట్టి పూసుకుని, బొడ్డుదాకా గడ్డం తగిలించుకుని, రాయిని రాయితో కొట్టి గొడ్డలి చెక్కుతుంటాడు. సంబంధం కుదిర్చిన పిన్ని మాత్రం, కుర్రాడు పురావస్తు శాఖలో పెద్ద ఆఫీసరని కోతలు కోసేసింది. ఇతనూ కాదనలేదు. బ్యాంకులో పనిచేసే అమ్మాయి రోజూ ఫోన్లో అంత తీయగా మాట్లాడుతుంటే కాదనే ధైర్యం ఎవరికుంటుంది?

తన కాబోయే అల్లుడు ఇక్కడే ఆఫీసరని, అతని గది ఎటని మామగారు గైడును అడిగారు. ఇక్కడ ఆఫీసర్లెవరూ ఉండరని గైడు చెప్పాడు. మామగారి కనుబొమలు ముడిపడ్డాయి. సంబంధం ఊడిపోయేలా ఉందని ఆదిమానవుడికి చెమటలు పట్టి, మట్టి కారడం మొదలైంది.

లేచి పారిపోదామంటే డ్యూటీ. గొంతు విప్పుదామంటే మేనేజరు హుకుం. ఆదిమానవులు ఏ భాష మాట్లాడారో ఎవరికీ తెలియదు కాబట్టి ఇక్కడ ఎవరూ ఏ భాషా మాట్లాడకూడదు. గుర్రుమనొచ్చు, మూలగొచ్చు. మాట బయటికొస్తే ఉద్యోగం పోయినట్టే.

తల వంచుకుని టపటపా రాయి కొట్టాడు. నాలుగో దెబ్బో అయిదోదో బొటనవేలి మీద పడింది. 'అమ్మా' అనబోయి నిబంధన గుర్తొచ్చి, గుహ అదిరేలా గర్జించాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

పక్కన రాతిముక్కతో తోలు గీకుతున్న ఆదిమస్త్రీ చటుక్కున ఒక పేలిక చింపి అతని వేలికి కట్టింది. ఆమె వచ్చి నెల దాటినా అసలు మొహం చూసింది లేదు. ఆడవాళ్ల మేకప్ గది అటు, మగవాళ్లది ఇటు. కట్టు కడుతున్న ఆ చేతిని చూసి అతని మనసు కరిగిపోయింది. ఏసీలో కూర్చునే బ్యాంకు అమ్మాయి ఇలా కడుతుందా అనిపించింది. వెంటనే తనమీద తనకే అసహ్యమేసింది.

ఇంతలో మామగారు సందర్శకులకు అడ్డంగా కట్టిన తాడు దగ్గరికొచ్చి నిలబడ్డారు. ఆదిమస్త్రీ జుట్టు మొహం మీదికి లాక్కుని తోలు మీదికి ఇంకా వంగిపోయింది. పనిలో ఎంత లీనమైపోతుందో అని ఆ కంగారులోనూ ముచ్చటపడ్డాడు.

మామగారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. తాడు దాటి లోపలికే వచ్చేశారు. గైడు వద్దన్నా ఆగలేదు. ఇక దాచి లాభం లేదని తేలిపోయింది. ఉద్యోగం పోతే పోయింది, బ్యాంకు అమ్మాయికి మాత్రం నిజం తెలియాలి అనుకున్నాడు. గడ్డం కిందికి లాగి, చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాడు.

"మావయ్యగారూ, నేనేనండీ. ఆఫీసర్ని కాను. రాళ్లు కొట్టుకుంటున్నాను. మీ అమ్మాయి అంటే మాత్రం నాకు ప్రాణం."

పక్కన ఆదిమస్త్రీ చేతిలోంచి రాతిముక్క జారి కిందపడింది.

మామగారు అతనివైపు తిరగనైనా తిరగలేదు.

"మీ సంగతి తర్వాత చూద్దాం బాబూ," అని ఆమె మొహం మీది జుట్టు పక్కకు తీశారు. "ఇవాళ బ్యాంకులో ఆడిట్ అన్నావు కదమ్మా?"