తొమ్మిదో నంబరు ఓడ

ఓడను చూడగానే రోనాల్డ్ మొహం చిట్లించాడు.

మూడడుగుల సరుకుల ఓడ. మొత్తం అట్టతోనే చేశారు. పైన నాలుగు క్రేన్లు, సరుకు గదులకి అయిదు మూతలు, వెనక కెప్టెన్ గది, దానికి పెసరగింజంత కిటికీలు. చుట్టూ దారంలా సన్నగా కోసి నిలబెట్టిన రెయిలింగు. పద్మారావు నగర్‌లోని ఆ కమ్యూనిటీ హాల్లోకి అడుగుపెట్టినవాళ్లంతా ముందు దాని దగ్గరికే పోతున్నారు. ఫోటోలు తీసుకుంటున్నారు. రోనాల్డ్‌కి మాత్రం అక్కడినుంచి లేచి వెళ్లిపోవాలనిపించింది.

వెళ్లడానికి లేదు. ఆ అట్టబొమ్మల పోటీకి ఆయన జడ్జి. రావలసిన జడ్జికి జ్వరమొచ్చిందని క్లబ్బు సెక్రటరీ సోమయ్య నిన్ననే వచ్చి బతిమాలితే కాదనలేకపోయాడు. ముప్పై ఏళ్లు తిరుమలగిరిలో డ్రాయింగు చెప్పిన మాస్టారు. అట్టపని తెలిసినవాడని పేరు, నోరు మంచిది కాదని ఇంకా పెద్ద పేరు.

"ఇగ చూసుడేముంది సార్? తొమ్మిదో నంబరే ఫస్టు," అన్నాడు సోమయ్య.

రెండో జడ్జి అనుపమ, ఇళ్లకి ప్లాన్లు గీసే అమ్మాయి, అవునంది. ఫస్టు వచ్చిన బొమ్మ ఒక్కటే చెన్నైలో జరిగే పెద్ద పోటీకి వెళ్తుంది. బొమ్మల మీద పేర్లు ఉండవు, నంబర్లే. పేర్లు తెలిస్తే మొహమాటాలొస్తాయని క్లబ్బు పెట్టుకున్న పద్ధతి.

"ఈ చెత్తని చెన్నై పంపిస్తారా?" అన్నాడు రోనాల్డ్.

అనుపమ నవ్వబోయి ఆగిపోయింది. ఆయన మొహంలో నవ్వులాట లేదు.

"ఇక్కడ చూడమ్మా. కుడివైపు రెయిలింగు. ఒక్కో కమ్మీ ఒక్కో తీరున వంగింది. ఇదిగో, జిగురు. చంటిపిల్లాడి చీమిడిలా కారి ఎండిపోయింది. తుడవడానికి కూడా బద్ధకమే. ఛీ."

"ఇంత పెద్ద ఓడలో అదెవరు చూస్తారు సార్?"

"చేసినవాడు చూడాలి కదా."

సోమయ్య మధ్యలోకి వచ్చాడు. "జెర మెల్లగ సార్, జనం ఉన్నరు. పొద్దుగాల ఒకామె ఆటోల ఒళ్లె పెట్టుకొని తెచ్చి ఇచ్చిపోయింది దీన్ని. ఇంటాయన రెండేండ్లు చేసి అటక మీద పెట్టిండంట. ఆయనకి తెల్వకుండ తెచ్చిన, గెలిస్తే సంబురపడ్తడు అన్నది. పాపం."

"అటక మీది సరుకుని అటక మీదే ఉంచాలి. ఆమెకి బుద్ధి లేదు."

అనుపమ మొహం ఎర్రబడింది. "పని గురించి మాట్లాడండి సార్. మనుషుల గురించి వద్దు."

"పని గురించే చెప్తా. మూడో మూత కింద లోపల ఆసరా అట్టలు లేవు. మిగతా నాలుగింటికీ పెట్టి, దీనికి ఎగ్గొట్టాడు."

"మూత అతికించేసి ఉంది కదా. లోపల ఏముందో మీకెట్లా తెలుసు?"

"ఇలాంటి చేతులు నాకు తెలుసమ్మా. నొక్కి చూడండి."

సోమయ్య భయం భయంగా వేలు పెట్టి నొక్కాడు. మూత లోపలికి గుంటపడింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది.

"పైన పటారం, లోన లొటారం," అన్నాడు రోనాల్డ్. అన్నాక ఆయనకి ఇంకా వెగటు పుట్టింది. గుంటపడిన ఆ మూతని చూడలేక మొహం తిప్పుకున్నాడు.

అనుపమ గొంతు తగ్గించింది. "చేసినాయన మీకు తెలుసు కదా సార్? ఏదో పాత కోపం ఉంది మీకు."

"ఉంది. ఓపిక లేని మనిషి. మొదలుపెట్టేటప్పుడు ఉన్న ఊపు చివరిదాకా ఉండదు. పక్కవాళ్లకి మాత్రం వంకలు పెడతాడు."

"అయితే మీరు మార్కులు వేయకూడదు. తెలిసినవాళ్లకి వేయొద్దని రూలు ఉంది."

"వేయను. తప్పులు చూపించా, మీరే వేసుకోండి," అని ఆయన తొమ్మిదో నంబరు కాగితం ఖాళీగానే వదిలేశాడు.

పక్క బల్ల మీద నాలుగో నంబరు ఉంది. సికింద్రాబాద్ క్లాక్ టవర్, జానెడు ఎత్తు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రోనాల్డ్ దాన్ని చేతిలోకి తీసుకుని తిరగేసి, అడుగున కూడా అంచులు నీటుగా మడిచి ఉండటం చూపించాడు. అనుపమ వంగి ఆ మడతలు చూసింది. ఆయన మీద ఎంత అసహ్యం వేసినా ఆమె కూడా పని తెలిసిన మనిషే. కొట్టేసి మళ్లీ వేసింది మార్కులు.

క్లాక్ టవర్‌కి ఫస్టు అని సోమయ్య మైకులో చెప్పాడు. చప్పట్లు పలచగా పడ్డాయి. "ఓడకి రాలేదా? ఏందీ అన్యాయం?" అని వెనకనుంచి ఎవరో గొణిగారు. రోనాల్డ్ విన్నాడు. ఆయనకి హాయిగా ఉంది. ఇక ఆ ఓడ మొహం చెన్నైలో ఎవరూ చూడరు.

"టీ తాగి పోదురు సార్," అన్నాడు సోమయ్య, మర్యాదకి.

ఆయన గ్లాసు అందుకుని గోడ పక్కన నిలబడ్డాడు. ఆయన పక్కకి ఎవరూ రాలేదు.

అనుపమకి మనసు ఊరుకోలేదు. మార్కులు తప్పలేదు గానీ, రెండేళ్ల కష్టాన్ని చెత్త అంటాడా? ఆ ఓడ చేసినాయనకి ఎవరో ఒకరు నాలుగు మంచి మాటలు చెప్పాలి. ఆ ఇల్లాలికి కూడా. సోమయ్య దగ్గర రిజిస్టరు తీసుకుని తిరగేసింది. తొమ్మిదో నంబరుకి ఎదురుగా, పద్ధతి ప్రకారం, పేరు లేదు. ఆ ఇంటాయన సెల్ నంబరు మాత్రం ఉంది.

"చెయ్యండి మేడం. పెద్దాయన దిల్ ఖుష్ అయితది," అన్నాడు సోమయ్య.

అనుపమ ఒక్కో అంకె చూసుకుంటూ నొక్కింది.

గోడ పక్కన టీ తాగుతున్న రోనాల్డ్ చొక్కా జేబులో ఫోను మోగింది.