గింజలో చప్పుడు

“పెట్టను. మీరెన్ని చెప్పినా ఆ కాగితం మీద సంతకం పెట్టను,” అన్నాడు మైకు మాస్టారు, చేతిలోని తీగల చుట్ట పక్కకి విసిరేసి.

పురుగుల మేడమ్ కంగారు పడలేదు. పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మనిషి. చేతిసంచీ బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది. బేరానికి వచ్చినవాళ్లు నిలబడి మాట్లాడితే సగం ఓడిపోయినట్టే.

ఆవిడ కీటకాల ప్రొఫెసరు, ఆయన శబ్దాల ప్రొఫెసరు. మొన్నటిదాకా ఒకే క్యాంపస్‌లో పక్కపక్క గదుల్లో పనిచేశారు. గోధుమ బస్తాలో ముక్కుపురుగు పడితే గింజ డొల్లయ్యేదాకా బయటికి తెలియదు. లోపల అది నమిలే చప్పుడును ముందే పట్టుకునే యంత్రం చేయాలని ఇద్దరి కోరిక. సరుకు మంచిదే. పెట్టుబడి పెట్టే నాథుడే దొరకలేదు.

“ఈ సీడ్ ఫండ్ మనకోసమే పుట్టింది మాస్టారూ. వేర్వేరు క్యాంపస్‌ల వాళ్లు కలిసి చేసే పరిశోధనకే ఇస్తారట. మీరిక్కడ, నేనక్కడ. జరిగిన నష్టంలోంచే నాలుగు రాళ్లు ఏరుకోవాలి.”

“కరివేపాకులా తీసి పారేశారు నన్ను. ఆ క్యాంపస్‌కి పేరొచ్చే పని నేను చేయాలా?”

“క్యాంపస్ ఏం చేసింది పాపం? పారేసింది ప్రిన్సిపాల్ కదా.”

“ఆయన సంగతే చెప్తున్నా. ల్యాబ్ పక్కనే లారీల రొద, ఏమీ వినపడి చావట్లేదు, గది మార్చండి మహాప్రభో అన్నాను. ఏకంగా ఊరే మార్చేశాడు!”

“మొండి ఘటం.”

“పగ పట్టాడంటే పామే నయం.”

“దయా దాక్షిణ్యం లేని మనిషి,” అని మేడమ్ ఇంకో ముక్క కలిపింది.

తిట్లలో ఇద్దరికీ పొత్తు కుదిరింది. ఉమ్మడి వ్యాపారానికి అంతకన్నా గట్టి పునాది ఉండదు.

“మరి సంతకం?”

“పెట్టను.”

మేడమ్ గొంతు తగ్గించింది. “వచ్చే ఏటికి నేను రిటైర్. రేపటితో గడువు అయిపోతుంది. ఇది పోతే నాకు మళ్లీ లేదు మాస్టారూ.”

ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. బయట ఖాళీ మైదానం, దూరంగా ఎండలో ఓ నీళ్ల ట్యాంకు. మనిషి అలికిడి లేదు.

జాలితో కదలని కొనుగోలుదారుకి సరుకే చూపించాలి. మేడమ్ సంచీలోంచి ఓ చిన్న డబ్బా తీసింది.

“ఏంటది?”

“మీ పాత బంధువులు. ఒక్కసారి పలకరిద్దురూ.”

“మీరు గడుసువారండీ,” అన్నాడు గానీ చేతులు ఆగలేదు. డబ్బాలోని గోధుమల మధ్య వేలెడంత మైకు దింపి, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు. ఓ మీట తిప్పాడు. ఇంకోటి తిప్పాడు. ఉన్నట్టుండి మనిషి బిగుసుకుపోయాడు.

“ఏమైంది?”

హెడ్‌ఫోన్ తీసి ఆవిడకిచ్చాడు.

కర్... కర్... కర్... ఎవరో ఎలుకంత మనిషి పక్కగదిలో తీరిగ్గా జంతిక కొరుకుతున్నట్టు.

“తింటోంది!” అంది మేడమ్.

“తింటోందండీ! బకాసురుడిలా తింటోంది!”

ఇద్దరూ ఆ హెడ్‌ఫోన్ కోసం చిన్నపిల్లల్లా గుంజుకున్నారు.

“అక్కడ ఇన్నేళ్లూ ఏం విన్నాం మేడమ్ మనం?”

“హారన్లు.”

మాస్టారు పకపకా నవ్వాడు. నవ్వు ఆగేసరికి ఆయనలోని బేరగాడు నిద్రలేచాడు.

“సరే, పెడతాను. కానీ నా పేరే ముందుండాలి.”

“వయసులో పెద్దదాన్ని కదా...”

“బదిలీ బాధ పడింది నేను కదా.”

మేడమ్ నిట్టూర్చింది. “కానివ్వండి.”

“యంత్రం ఇక్కడే ఉండాలి.”

“అయ్యో! మరి నేను?”

“పురుగుల్ని సంకనేసుకుని మీరే రావాలి.”

“ఈ నడుముతో, ఆ బస్సులోనా?”

“ఫండ్‌లో ప్రయాణ ఖర్చులున్నాయిగా. మెత్తటి సీటున్న బస్సే ఎక్కండి.”

ఆవిడ చాలాసేపు ఆలోచించింది. నుదురు రుద్దుకుంది. చివరికి ఆస్తి రాసిచ్చేస్తున్నంత దిగులుగా తలూపింది. మాస్టారు జేబులోంచి పెన్ను తీసి, అడ్డంగా, పొడుగ్గా, దర్జాగా సంతకం పెట్టాడు.

బస్టాపు దాకా సంచీ తనే మోశాడు. దారిలో భార్యకి ఫోన్ చేసి, మేడమ్‌కి వినపడదనుకుని, “నిలువునా ముంచేశానోయ్. అడిగినవన్నీ ఒప్పుకుంది పాపం,” అన్నాడు. బస్సు కదిలాక ఈల వేసుకుంటూ వెనక్కి వెళ్లాడు. ఈ ఊరొచ్చాక ఆయన ఈల వేయడం అదే మొదలు.

బస్సు ఊరి పొలిమేర దాటుతుండగా మేడమ్ ఫోన్ మోగింది. ప్రిన్సిపాల్.

“పని అయిందా మేడమ్?”

“అయింది సార్. రేపు పొద్దున్నే కాగితం మీ బల్ల మీద ఉంటుంది.”

“నన్ను బాగా తిట్టి ఉంటాడే.”

“ఆయన నాలుగు తిట్టారు. మాట కలపకపోతే బాగుండదని నేనూ రెండు తిట్టాను. ఏమనుకోకండి.”

అవతల ప్రిన్సిపాల్ గట్టిగా నవ్వాడు.

“అతన్ని బదిలీ చేయమని అడిగింది మీరేనని ఎప్పుడు చెప్తారు?”