ఒరెస్ట్ కేక

రోలర్ కోస్టర్ ఎక్కే వరసలో నిలబడి లోర్నా మళ్ళీ ఫోన్ తీసింది. పొద్దుటినుంచీ అదే పని. ఈసారి తెర చూడగానే పెదవుల మీదికి నవ్వొచ్చింది. వెంటనే ఫోన్ బ్యాగులో పడేసింది. భర్త ఒరెస్ట్‌కి ఆ నవ్వూ నచ్చలేదు, ఆ తొందరా నచ్చలేదు.

“ఈ రాత్రి టాంపా వెళ్దాం. ఆట ఉంది,” అంది.

“మనవాళ్ళది శనివారం కదా?”

“ఇవాళ వేరేవాళ్ళు ఆడుతున్నారు. నీ పుట్టినరోజు వారమేగా, ఇంకో ఆట చూద్దువుగాని. టికెట్లు కొనేశా.”

కెనడాలో విన్నిపెగ్ వీధుల్లో మంచు తోసే బండి నడిపే ఒరెస్ట్‌కి అరవై నిండుతున్నాయి. ఈ ఫ్లోరిడా ప్రయాణం అంతా లోర్నా ఏర్పాటే. మంచుగడ్డ మీద ఆడే వాళ్ళ ఊరి హాకీ జట్టు మయామిలో ఒక ఆట, టాంపాలో ఒక ఆట ఆడుతుంది. మధ్యలో ఓర్లాండో పార్కులు. హాకీ నీకు, పార్కులు నాకు అని ఒప్పందం. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆట సగం కాకముందే కునుకు తీసే మనిషి, తనంతట తాను ఎవరిదో ఆటకి టికెట్లు కొందంటే సూర్యుడు పడమట పొడిచినట్టే.

అసలు మయామిలోనే అతని మనసులో అనుమానపు పురుగు దూరింది. ఆటకి ముందు ఆవిడ జుట్టు సెట్ చేయించుకుంది. లిప్‌స్టిక్ వేసుకుంది. హాకీ ఆటకి లిప్‌స్టిక్ ఏమిటి, ఎవరు చూడాలని? సీట్లు కూడా గాజుగోడని ఆనుకుని, రిఫరీ వచ్చి పెనాల్టీ చెప్పే బల్ల పక్కనే కొంది. ఆటలో కొట్టే బిళ్ళ, పక్, ఒకవైపు పోతుంటే ఆవిడ చూపు ఇంకోవైపు పోయింది.

అక్కడే ఒరెస్ట్ తన కేక కూడా వేశాడు. ఊళ్ళో ఆ కేకకి పెద్ద పేరు. రిఫరీ అన్యాయంగా విజిల్ ఊదాడంటే చాలు, ఒరెస్ట్ లేచి నిలబడి, చేతులు రెండూ నోటికి అడ్డంపెట్టి, “ఏ మహాతల్లి కన్నదయ్యా నిన్ను!” అని అరుస్తాడు. చుట్టూ కూర్చునేవాళ్ళు దానికోసమే కాచుకుని ఉంటారు. లోర్నా కూడా ఏళ్ళ తరబడి పడీపడీ నవ్వేది. ఏమొచ్చిందో, నిరుటినుంచి నవ్వడం మానేసింది. మయామిలోనైతే తొడమీద గట్టిగా గిల్లి కూర్చోబెట్టింది.

కోస్టర్ పైనుంచి దబ్బున పడేటప్పుడు అక్కడివాళ్ళు ఫొటో తీస్తారు. దిగివచ్చి చూసుకుంటే అందులో ఒరెస్ట్ కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. లోర్నా మామూలుగానే ఎడమ కనుబొమ ఒక్కటీ పైకెత్తింది. భయమేసినా, కోపమొచ్చినా ఆవిడకి అదే అలవాటు. ఫొటో కొంటానని బ్యాగు అతని చేతికిచ్చి వెళ్ళింది.

ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఎన్నడూ చేయని పని అప్పుడు చేశాడు. ఫోన్ తీశాడు. పాస్‌వర్డ్ అతని పుట్టినరోజే, ఇంకా మార్చలేదు. తెర మీద ఒక మగవాడి పేరు: వేడ్ హల్డార్సన్. పక్కనే ఇవాళ్టి తేదీ, టాంపా.

ఒరెస్ట్ ఫోన్ మళ్ళీ బ్యాగులో పెట్టేశాడు. కోస్టర్ మీద పట్టుకోవడానికి కమ్మీ అయినా ఉంది. ఇంట్లో ఉండేది ఇద్దరే. ఈవిడ లేకుండా విన్నిపెగ్‌లో ఒక్క చలికాలం కూడా తాను గడపలేడని అతనికి బాగా తెలుసు. టాంపా దాకా కారు నడుపుతూ అడగబోయాడు, మానుకున్నాడు. అడిగితే ఆవిడ నిజం చెప్పేస్తుందేమోనని భయం.

మళ్ళీ గాజుగోడ పక్కనే సీట్లు. మళ్ళీ లిప్‌స్టిక్. ఆట మొదలుకాబోతుండగా మైకులో రిఫరీల పేర్లు చదివారు. అందులో వేడ్ హల్డార్సన్ అని వినగానే ఒరెస్ట్ చేతిలో బీరు ఒలికి చొక్కా మీద పడింది. మంచు మీదికి వచ్చినవాణ్ణి చూస్తే మయామిలో ఉన్నవాడే. నలభై దాటినట్టు లేడు. ఒరెస్ట్‌కి ఆ వయసే ఎక్కువ గుచ్చుకుంది.

కాసేపటికి వాడు బల్ల దగ్గరికి వచ్చి ఎవరికో పెనాల్టీ చెప్పాడు. ఆటగాడు ఎదురు తిరిగాడు. పెద్ద తెర మీద వాడి మొహం కనబడింది, ఎడమ కనుబొమ ఎగరేశాడు. లోర్నా గబుక్కున కళ్ళు తుడుచుకుంది. జనం మధ్యనుంచే సైగలు చేసుకుంటున్నారని ఒరెస్ట్‌కి రూఢి అయిపోయింది.

“ఎన్నాళ్ళ నుంచి?” అన్నాడు.

“ఏది?”

“వాడు. నీ ఫోన్ చూశాను. వాడి వెంట ఊరూరా తిరగడానికి నా పుట్టినరోజే దొరికిందా?”

లోర్నా బుకాయించలేదు. “నిరుడు తెలిసింది, వాడు ఎక్కడున్నాడో. వాడికి మాత్రం నేనెవరో తెలీదు.”

“నన్ను వెర్రివాణ్ణి చేయకు లోర్నా.”

అంతలో వేడ్ విజిల్ ఊదాడు. తప్పు విజిల్ అని చిన్నపిల్లలకి కూడా తెలుస్తోంది. ఒరెస్ట్ లేచాడు. ఈసారి సరదాకి కాదు, కడుపుమంటతో, గాజుగోడకి మొహం ఆనించి, “ఏ మహాతల్లి కన్నదయ్యా నిన్ను!” అని గొంతు చించుకుని అరిచాడు. వెనక వరసలవాళ్ళు నవ్వారు. రిఫరీ తల తిప్పలేదు.

లోర్నా అతని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. చూపు మాత్రం మంచు మీదనుంచి తిప్పలేదు.

“ఆ మహాతల్లిని నేనే.”