నక్కపేటకు వచ్చిన టూరిస్టు

నలభై ఏళ్లు పెంచిన మీసాన్ని ఒరెస్తే పొద్దున్నే నున్నగా గీసేశాడు. నల్లద్దాలు, వెడల్పాటి టోపీ, చేతిలో ఊరి పటం. ఇటలీలోని సియెనా ఊరు చూడవచ్చిన టూరిస్టుల గుంపులో దూరిపోయాడు.

"అందరికీ మొదటిసారేనా?" అడిగింది గైడు.

"ఇటు రావడం మొదటిసారే," అన్నాడు. అబద్ధమేం కాదు. కూతురు జినెవ్రా పెళ్లినాడు "చచ్చినా ఆ నక్కల గడ్డమీద కాలు పెట్టను" అని ఒట్టేసిన మనిషి మరి! ఇవాళ అక్కడ మనవడికి పేరు పెడుతున్నారు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆ పసివాణ్ణి చూసి పోవాలి. ఎవరికంటా పడకూడదు.

"ఎక్కణ్ణుంచి వచ్చారు తాతగారూ? మా భాష భలే మాట్లాడుతున్నారే!"

"దూరమమ్మా. చాలా దూరం."

గైడు చెయ్యి చాపి చూపించింది. "ఇదే నక్కపేట. గుర్రప్పందెంలో వీళ్లకీ కొంగపేటకీ తాతల కాలంనాటి పగ. ఆ కొంగలు గెలిచి ముప్ఫై ఏళ్లయిందిలెండి!"

గుంపంతా నవ్వింది. ఒరెస్తేకి పొలమారింది.

ఫౌంటెన్ చుట్టూ జనం. పేట పెద్ద పసివాడి నెత్తిన నీళ్లు చిలకరించి, మెడకి నక్కబొమ్మ రుమాలు చుట్టి, గట్టిగా పేరు పిలిచాడు.

"ఒరెస్తే!"

"ఆఁ!" అన్నాడు ముసలాయన, అలవాటుకొద్దీ.

అందరూ ఇటు తిరిగారు. కొంప మునిగింది!

జినెవ్రా గుర్తుపట్టేసింది. పెదవి కొరికి నవ్వాపుకుంది. "పాపం, టూరిస్టు! పేరు కలిసినట్టుంది. ఎత్తుకోండి తాతగారూ, మీ పేరింటివాడే."

పసివాడు చేతుల్లోకి రాగానే టోపీ అంచు పట్టుకు లాగాడు. నల్లద్దాల కిందినుంచి నీళ్లు కారాయి.

"నాన్నా, పటం తలకిందులుగా పట్టుకున్నావు," గుసగుసలాడింది జినెవ్రా.

"నోర్ముయ్యవే! నా పేరు పెడుతున్నట్టు ముందే చెప్పొచ్చుగా?"

"నువ్వు మీసం తీసేసి మరీ వస్తావని నాకేం తెలుసు?"

పేట పెద్దకి ముచ్చటేసింది. "అంత దూరంనుంచి వచ్చారు, మా గుర్తుగా ఉంచుకోండి," అంటూ ఆయన మెడకీ ఓ నక్క రుమాలు కట్టేశాడు. జనం చప్పట్లు కొట్టారు. ఒరెస్తే టోపీని ఇంకాస్త కిందికి లాక్కున్నాడు.

సందు మలుపు తిరగ్గానే రుమాలు విప్పాడు. విసిరేయబోయాడు. మళ్లీ ఏమనుకున్నాడో, మడిచి చొక్కాలో దాచుకున్నాడు.

తర్వాత వీధికి అడ్డంగా ఏడడుగులు వేసి, కొంగబొమ్మ చెక్కిన తన ఇంటి తలుపు తీసేసరికి, పొయ్యిమీద పెట్టి వెళ్లిన చిక్కుడు గింజలు ఇంకా ఉడకనేలేదు.