తరగని చాపల కట్ట

"చాపలాయన కట్ట ఇవాళా తగ్గలేదు, చూశారా బాబూ?"

మగ్గం వెనక నుంచి కుల్సుమ్ బీ మెల్లగా అంది.

కృష్ణమూర్తి తల తిప్పి చూశాడు. షెడ్డు గుమ్మం పక్క నీడలో ఏలీయా కూర్చుని ఉన్నాడు. కొల్లేటికోట నుంచి తుంగ చాపలు తెచ్చి ఏలూరులో అమ్ముకుంటానని చెప్పి, నెల రోజులుగా ఎండ ముదిరే వేళకు వచ్చి అక్కడే చేరబడుతున్నాడు.

కట్టలో పైనున్న అంచు చిరిగిన చాప మాత్రం మొదటి రోజు నుంచీ అదే.

అతను అమ్మకానికి వచ్చినవాడు కాడని కృష్ణమూర్తికి తట్టింది. ఇన్నాళ్ళూ తాను పిలిచిందంతా అతని చెవిన పడుతూనే ఉంది.

అది అబ్దుల్ మజీద్ గారి తివాచీల షెడ్డు. నమూనా కాగితం చూసి ఒకరు రాగం తీసి రంగులు పిలుస్తారు. మగ్గం వెనక వరసగా కూర్చున్నవాళ్ళు ముడి వేసి "వేశాం" అంటారు. ఆ పిలిచే ఉద్యోగం కృష్ణమూర్తిది.

"బి.ఏ. చదివించింది ఎరుపూ నీలం అని అరవడానికట్రా?" అని పప్పుల కొట్టు నడుపుకునే తండ్రి తల పట్టుకున్నాడు.

తండ్రికి చెప్పని సంగతి ఒకటుంది.

అది ముప్ఫైరెండో సంవత్సరం. పఠనాలయానికి పోలీసులు తాళం వేశారు. నలుగురు ఒకచోట చేరి పేపరు చదివితే లాఠీ. పక్క ఊళ్ళో ఏం జరిగిందో చెప్పే దిక్కు లేదు.

షెడ్డులో మాత్రం రోజూ ఇరవై మంది చేరతారు. అది పని, సభ కాదు. ఎవరూ కాదనలేరు.

అందుకని కృష్ణమూర్తి నిషేధించిన కరపత్రాన్ని నమూనా మీద పెట్టుకుని అదే రాగంలో పిలిచేవాడు.

"రెండెరుపూ... ఒక నీలమూ... అత్తిలిలో నిన్న సభ జరిగిందీ..."

"వేశాం."

"మూడు నలుపూ... ఉండిలో కొందర్ని పట్టుకెళ్ళారూ..."

"వేశాం."

సాయంత్రానికి ఆ కబురు ఇరవై ఇళ్ళు చేరేది. మర్నాటికి దోనెలెక్కి కొల్లేటి లంకలకు పోయేది. తలుచుకున్నప్పుడల్లా కృష్ణమూర్తికి ఒళ్ళు ఝల్లుమనేది.

ఇప్పుడీ చాపల కట్ట.

"ఏవండీ బాబుగారూ, ఒక మాటండీ." ఏలీయాయే పలకరించాడు. "ఊళ్ళో పెద్దమనుషులిద్దర్ని పిలవకుండా పోలీసోళ్ళు సోదా చెయ్యకూడదంటండీ. నిజమేనాండీ?"

"చాపలమ్ముకునేవాడివి, సోదా గొడవ నీకెందుకయ్యా?"

"ఊరికే అడిగానండీ. తెలిసుంటే మంచిదే కదండీ."

"నువ్వు ఒక్క చాప అమ్మగా నేను చూళ్ళేదు. నిన్నిక్కడ కూర్చోబెట్టిందెవరు?"

ఏలీయా పై చాప చిరిగిన అంచు లోపలికి దోపుకున్నాడు.

"కొన్నవాళ్ళు తొక్కుతారని బెంగేమో లెండి," అంది కుల్సుమ్ బీ. షెడ్డంతా నవ్వింది.

"రేపట్నుంచి ఈ గుమ్మంలో కనపడకు," అన్నాడు కృష్ణమూర్తి.

"అలాగేనండీ."

ఏలీయా కట్ట నెత్తికెత్తుకుని ఎండలోకి వెళ్ళిపోయాడు.

మనిషి పోయాడు గానీ అడిగిన ప్రశ్న పోలేదు. మర్నాడు పొద్దున్నే కృష్ణమూర్తి వకీలు సూర్యప్రకాశరావుగారి అరుగు ఎక్కాడు.

"నిజమేనోయ్," అన్నారాయన. "సోదాకి ముందు ఆ పేటలో పరువుగల వాళ్ళిద్దర్ని సాక్షులుగా పిలవాలి. చట్టంలోనే ఉంది. అడిగేవాడేడీ?"

కృష్ణమూర్తి పరుగులాంటి నడకతో షెడ్డుకు వచ్చాడు.

"రెండెరుపూ... ఇద్దరు పెద్దలు రానిదే... ఒక నీలమూ... సోదా లేదూ..."

"వేశాం."

వారం తిరిగేసరికి అది అందరికీ నోటికి వచ్చేసింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం సైకిళ్ళు ఆగిన చప్పుడైంది. ఇన్‌స్పెక్టరు, వెనక కానిస్టేబుళ్ళు.

కరపత్రం ఇంకా కృష్ణమూర్తి చేతిలోనే ఉంది. దొరికితే తనకు జైలు, షెడ్డుకు తాళం. మగ్గం వెనక ఉన్న ఇరవై మంది ఇళ్ళలోనూ పస్తు.

మగ్గం వెనక కుల్సుమ్ బీ గొంతెత్తింది.

"ఇద్దరు పెద్దలు రానిదే..."

"సోదా లేదూ..." షెడ్డంతా అందుకుంది.

ఇన్‌స్పెక్టరు గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏమిటిది?"

"మీ చట్టమేనండీ." అబ్దుల్ మజీద్ గారు చేతులు కట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. "మావాళ్ళు పాట కట్టుకున్నారు. పెద్దమనుషుల్ని పిలిపించండి. మేం అడ్డు రామండీ."

ఇన్‌స్పెక్టరు పళ్ళు నూరి ఒక కానిస్టేబుల్‌ని బజారుకు తోలాడు. మండుటెండలో సాక్ష్యానికి రమ్మంటే కునుకు మీదున్న పెద్దమనుషులు అంత తేలిగ్గా లేస్తారా?

ఈలోగా కాగితం పడుగు దారాల సందులోంచి కుల్సుమ్ బీ చేతికి, అక్కడి నుంచి రంగుల కాగు కింద మంటలోకి వెళ్ళిపోయింది.

సాక్షులు వచ్చారు. సోదా జరిగింది. నమూనా కాగితం తప్ప ఏమీ దొరకలేదు.

కృష్ణమూర్తికి గాలిలో తేలినట్టుంది. ఆ ఊపులో నోరు ఆగలేదు.

"మీ చాపల ఏలీయా ఉత్త కబుర్లు మోసినట్టున్నాడండీ."

ఇన్‌స్పెక్టరు గిరుక్కున తిరిగాడు.

"ఎవడూ, ఆ కానిస్టేబులా? వాడేం మోశాడు? మారువేషంలో ఇక్కడ కూర్చోబెడితే, రోజూ వచ్చి 'రంగులు తప్ప ఏమీ వినపడ్డంలేదండీ' అని ఒకటే పాట. కొల్లేటి లంకల్లో పిల్లలు కూడా మీ వార్తలే రాగం తీస్తుంటే వాడి మాట ఎవడు నమ్ముతాడు? ఉద్యోగం ఊడింది."

టోపీ సర్దుకుని సైకిలెక్కుతూ అన్నాడు:

"ఇప్పుడు తాడేపల్లిగూడెం సంతలో నిజంగానే చాపలమ్ముకుంటున్నాడు."