రెండు ట్యూబులు

ఆపరేషన్ తొమ్మిదిన్నరకి. ఎనిమిదింటికల్లా రిపోర్టు చేతిలో ఉండాలన్నాడు సర్జన్. గడియారం ఏడు ఇరవై చూపిస్తోంది. ల్యాబులో అక్క ఒక్కతే ఉంది.

సెలవు రోజు కావడంతో మిగతా బల్లల మీద యంత్రాలన్నీ ముసుగులేసుకుని ఉన్నాయి. ఆమె ముందు రెండు ట్యూబులు. ఒకదాంట్లో చెల్లెలి రక్తం. రెండోది కంట్రోల్, అంటే పక్కన పెట్టి పోల్చుకోవడానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తం.

ఫోన్ మోగింది.

"తేల్చావా అక్కా?" నాలుగో అంతస్తులో ఆసుపత్రి గౌనులో కూర్చుని అడుగుతోంది చెల్లెలు. పిత్తాశయంలో రాళ్ళు. మూడు వారాలుగా నొప్పితో కంటి మీద కునుకు లేదు.

"ఇంకాస్త ఆగు."

"రాత్రి నుంచి మంచినీళ్ళు కూడా లేవు. నన్ను కత్తి దాకా పోనిచ్చేలా లేవు. ఇక్కడే కడుపు మాడ్చి చంపుతావేమో."

"చావు మాటలు నా దగ్గర ఆడకు," అని పెట్టేసింది అక్క.

తమ్ముడూ ఇలాగే నవ్విస్తూ పోయాడు. రెండేళ్ళయింది. దవడ పన్ను పీకించుకుని, నోట్లో దూదితో ఇంటికొచ్చాడు. చీకటిపడేలోగా దూది నాలుగుసార్లు మార్చాడు. మర్నాటికి మార్చుకోవడానికి మనిషే లేడు.

గడ్డకట్టించే కణాలు ఎన్ని ఉండాలో అన్నీ ఉన్నాయని రిపోర్టులు చెప్పాయి. ఉన్నాయి, కానీ పని చెయ్యలేదు. కణం ఒంటి మీద కొవ్వు రెండు పొరలుగా ఉంటుంది. అందులో ఒక రకం కొవ్వు లోపలి పొరలో దాక్కుని ఉంటుంది. గాయమైనప్పుడు కాల్షియం లోపలికి దూరుతుంది. దాంతో పొరలో కూర్చున్న ఒక ప్రొటీన్ మేలుకుని, దాక్కున్న ఆ కొవ్వుని బయటి వైపుకి తిప్పేస్తుంది. రక్తం గడ్డకట్టడానికి పట్టు దొరికేది దాని మీదే. తమ్ముడి ఒంట్లో ఆ తిప్పే ప్రొటీనే లేదు.

"ఇంట్లోవాళ్ళకీ ఉండొచ్చు," అన్నాడు ఆ సంగతి బయటపెట్టిన డాక్టరు. అక్క చప్పున చెల్లెలి వైపు చూసింది. అమ్మ పోయాక ఇద్దరినీ పెంచింది తనే. వాళ్ళకి జ్వరమొస్తే ఆమెకి నిద్ర ఉండేది కాదు. ఆమెకి జ్వరం రావడానికి తీరిక ఉండేది కాదు.

ఈ పరీక్షని ఇక్కడికి తెప్పించడానికి ఏడాదిన్నర పాటు పైవాళ్ళ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. కావలసిన రంగు పోయిన వారమే వచ్చింది.

రెండు ట్యూబుల్లోనూ కాల్షియం కలిపింది. రంగు వేసింది. లోపలి కొవ్వు బయటికి తిరిగితే రంగు దాన్ని పట్టుకుని ఆకుపచ్చగా వెలుగుతుంది. తిరగకపోతే చీకటి.

చెల్లెలి ట్యూబుని యంత్రానికి ఇచ్చింది. తెర మీద కణాలన్నీ ఎడమ పక్కకి, చీకటి వైపే గుట్టగా పడ్డాయి.

అక్క వెంటనే కంట్రోల్ పెట్టింది. అదీ అక్కడే పడింది, వెంట్రుకవాసి తేడా లేకుండా.

అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలి, తనకి పని నేర్పిన పెద్దాయనకి ఫోన్ చేసింది.

"సార్, రెండూ వెలగడం లేదు."

"రెండూనా? అయితే రంగు చచ్చిందన్నమాట. ఫ్రిజ్ ఆగిందా ఏంటి?"

"నిన్న మూడు గంటలు కరెంటు లేదు."

"ఇంకేం మరి. కొత్త సీసా ఎప్పుడొస్తుంది?"

"పది రోజులు పడుతుందంట. అన్నాళ్ళు ఆగితే పిత్తాశయం లోపలే పగులుతుందంటున్నారు సార్."

"కంట్రోల్ మంచిదేనా?"

"ఒక్కరోజు కూడా ఆసుపత్రిలో పడుకోని మనిషిది."

"అయితే భయమెందుకమ్మా? యంత్రం వోల్టేజి పెంచి చూడు, మసక వెలుగైనా తెర మీద పెద్దదై కనబడుతుంది. రెండూ కలిసి నడిచాయంటే నార్మలే. సొంత చెల్లెలనేసరికి చేతులు వణుకుతున్నాయి నీకు."

వోల్టేజి పెంచింది. రెండు గుట్టలూ ఒకదాన్నొకటి వదలకుండా కుడివైపు జరిగాయి. తెర ఆకుపచ్చగా మారింది. ఈ వెలుగు కణాలదా, తను పెంచిన వోల్టేజిదా అన్న అనుమానం ఒక్క క్షణం తలెత్తింది. ఆమె దాన్ని ఎక్కువసేపు నిలబడనివ్వలేదు. రెండేళ్ళుగా ఈ వెలుగు కోసమే కదా ఎదురుచూస్తోంది.

'నార్మల్' అని రాసి సంతకం చేసింది.

థియేటర్ ముందు స్ట్రెచర్ ఆగింది.

"చూశావా, నా రక్తం మేలిమి బంగారం. అనవసరంగా అనుమానించావు," అంది చెల్లెలు.

"సరేలే, ముందు బయటికి రా. తర్వాత గొప్పలు చెప్పుకుందువు గాని."

"ఇక్కడే ఉంటావుగా?"

"ఎక్కడికి పోతాను?"

ఆమె నుదుటి మీది జుట్టు సర్ది, స్ట్రెచర్ లోపలికి పోయేదాకా చూస్తూ నిలబడింది అక్క.

పది కావొస్తుండగా నర్సు తల బయటికి పెట్టింది. "కోత పెట్టారక్కా. ఇంకో గంట పడుతుంది. పోయి టీ తాగి రండి."

అక్క బెంచీ మీద వెనక్కి వాలింది. రెండేళ్ళలో మొదటిసారి ఆమె భుజాల్లో బిగువు సడలింది. ఉక్కగా ఉంటే తెల్లకోటు విప్పబోయింది. కుడిచెయ్యి సులువుగానే వచ్చింది. ఎడమచేతి దగ్గర మాత్రం బట్ట తడిసి మోచేతి మడతకి అతుక్కుపోయి ఉంది.

మెల్లగా ఊడదీసి చూస్తే, పొద్దున ఏడింటికి కంట్రోల్ ట్యూబు నింపడానికి తనకి తానే గుచ్చుకున్న సూది గాటులోంచి రక్తం ఇంకా ఊరుతూనే ఉంది.