కుట్టుమిషను పందెం

పళ్ళ డాక్టరు చిగుళ్ళకు సూది పొడిచి, మొద్దుబారేదాకా బయట కూర్చోమన్నాడు. చెల్లెలు గోడ గడియారం వైపు చూసింది. రెండూ పది. అనుకున్నట్టే ఫోన్ మోగింది.

అక్క. సీరియల్‌లో మొదటి విరామం వచ్చిందన్నమాట.

వాళ్ళమ్మ పోయాక బట్టలూ గిన్నెలూ పేచీ లేకుండానే పంచుకున్నారు. కుట్టుమిషను దగ్గరే బిగుసుకున్నారు. చిన్నప్పుడు ఇద్దరి గౌన్లూ అమ్మ దానిమీదే కుట్టింది మరి. చివరికి అక్కే పందెం పెట్టింది. ఇద్దరూ పడిచచ్చే మధ్యాహ్నం రెండింటి సీరియల్ చూడటం ముందుగా ఎవరు ఒక్కరోజు తప్పితే వాళ్ళు మిషను మీద ఆశ వదులుకోవాలి. విరామం రాగానే ఫోన్లో మాట్లాడుకోవాలి. పద్నాలుగు నెలలైంది. జ్వరాలొస్తే టీవీ ముందే దుప్పటి కప్పుకున్నారు గానీ ఒక్కరూ తప్పలేదు.

ఇవాళ జ్ఞానదంతం కొంప ముంచింది. డాక్టరుకు ఖాళీ రెండింటికేనట. చెల్లెలి వాళ్ళాయన ఇంట్లోనే ఉన్నాడు గానీ, చూసి చెప్పమనడం దండగ. ఆయనకు హీరోయిన్‌కీ అత్తకీ తేడా తెలీదు.

“ఎలా ఉందే ఇవాళ?” అంది అక్క.

చెల్లెలు దారంతా ఆలోచించుకునే వచ్చింది. ఆ నటులు ఏం చేస్తారో చెప్పడానికి చూడాల్సిన పనేముంది?

“ఆ హీరో మొహమేంటక్కా! కోపమొచ్చినా అదే, కడుపునొప్పొచ్చినా అదే. ఇస్త్రీ చేసి తగిలించినట్టుంది!”

అక్క గొంతు సవరించుకుంది.

“బాగా చెప్పావు. మరి చిన్నకోడలు?”

“ఏడుస్తోందిగా! మొదట్లో ఉల్లిపాయలు తరిగినట్టు ఏడ్చేది. ఇప్పుడు నయం.”

“మరి అత్త కొట్టిన చెంపదెబ్బ?”

ఆ దెబ్బ సంగతి చెల్లెలు ఊహించలేదు. అయినా తగ్గలేదు.

“అబ్బ, ఏం కొట్టిందక్కా! ఇక్కడ నా చెంప మొద్దుబారిపోయింది!”

ఆ మాట మాత్రం నిజం.

రెండో విరామానికి చెల్లెలు డాక్టరుగారి కుర్చీలో వెల్లకిలా ఉంది. పక్క గదిలో ఎవరి పన్నో అరగదీస్తున్నారు.

“ఆ గుర్రుమనే చప్పుడేంటే?”

“పక్కింటివాళ్ళ మిక్సీ.”

“నీ మాటేంటి ముద్దముద్దగా వస్తోంది?”

“ఏడుపక్కా. ఆపుకోలేకపోతున్నా.”

పట్టకారు పట్టుకున్న డాక్టరు, ఇంకా మొదలే పెట్టలేదే అన్నట్టు చూశాడు.

“ఏడవక ఏం చేస్తావులే! తాతగారు అలా పోతారని ఎవరనుకున్నారు?”

తాతగారు పోయారా! ఆ సీరియల్ మొత్తానికి ప్రాణం పెట్టి నటించే మనిషి ఆయనొక్కడే. ఆయన చావు తన కళ్ళతో చూడలేకపోయానే అనుకునేసరికి చెల్లెలికి నిజంగానే కళ్ళనీళ్ళు తిరిగాయి. పన్ను పీకినట్టు కూడా తెలియలేదు.

మూడోసారి ఫోన్ మోగేటప్పటికి నోటినిండా దూది. అవతల అక్క గొంతు వణికిపోతోంది. మాట పూర్తి చేయలేక, ఊపిరందక అవస్థపడుతోంది.

“పోతూ పోతూ ఏమన్నాడో విన్నావుగా? తోడబుట్టినవాళ్ళ దగ్గర... అబద్ధాలు... ఆడొద్దన్నాడే!”

చెల్లెలు ఇక తట్టుకోలేకపోయింది. దూది తీసి పారేసింది.

“అక్కా, నేను చూడలేదు. పళ్ళ డాక్టరు దగ్గరున్నా. అన్నీ కల్పించి చెప్పాను. మిషను నువ్వే ఉంచుకో.”

“ఎంత దగా చేశావే! నేను టీవీ ముందునుంచి కదిలితే ఒట్టు!” అంది అక్క. తర్వాత కాస్త మెత్తబడి, “సరేలే, ఐస్‌క్రీం తిను, వాపు తగ్గుతుంది,” అని పెట్టేసింది.

చెల్లెలు ఇంటికొచ్చి దవడ పట్టుకుని సోఫాలో కూలబడింది. అమ్మ కాలు ఆడిన మిషను చేతులారా పోగొట్టుకున్నానని ఏడుపొచ్చింది. తాతగారి మీద బెంగ సరేసరి. మళ్ళీ ఎప్పుడు వేస్తారో చూడమని వాళ్ళాయన్ని అడిగింది.

“ఇవాళ మ్యాచ్ ఉందని మీ సీరియల్ అసలు వేయనే లేదు కదా, ఆ సంగతి చెబుదామంటే నీ ఫోన్ కలవట్లేదని మీ అక్క ఒంటిగంటన్నరకే నాకు చేస్తే, నువ్వు పన్ను పీకించుకోడానికి వెళ్ళావని చెప్పాను,” అన్నాడాయన.